మూడు కాళ్ళతో పిల్లి బతుకుతుంది, కానీ ఆ మాట అక్కడితో ఆపేయకండి

"పిల్లులు మూడు కాళ్ళతో హాయిగా బతికేస్తాయండీ, మీరేం టెన్షన్ పడకండి." పిల్లికి కాలు తీయాల్సి వచ్చిన ఏ ఇంట్లోనైనా ఈ మాట వినిపిస్తుంది. డాక్టరు చెప్తారు, స్నేహితులు చెప్తారు, మూడు కాళ్ళతో పరిగెత్తే పిల్లుల వీడియోలు చూసినవాళ్ళూ చెప్తారు. మాట నిజమే, నేను కాదనను. మా మసికి ఎడమ ముందుకాలు భుజం దాకా తీసేశారు (నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు), ఇవాళ అది కిటికీ గట్టు ఎక్కి కూర్చుంటుంది, బంతి కనిపిస్తే వదలదు. కానీ ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఇది విన్నాక మనుషులు ఇంక ఏమీ అడగరు. ఏ మందు ఎన్నాళ్ళు వేయాలి, నేల ఎలా ఉండాలి, ఐదేళ్ళ తర్వాత దాని కీళ్ళ సంగతేంటి, ఇవేవీ అడక్కుండా పిల్లిని ఇంటికి తెచ్చుకుని అదే అలవాటు పడుతుందని ఎదురుచూస్తారు. అలవాటు పడటం పిల్లి పని, అది బాగానే చేస్తుంది. నొప్పి తగ్గించడం, జారని నేల ఇవ్వడం, బరువు పెరగకుండా చూడటం మాత్రం దానివల్ల అయ్యే పనులు కావు. ఆ భాగం మనం చేయకపోతే పిల్లి బతుకుతుంది, కానీ హాయిగా కాదు.

ముందు కాలు తీయించే నిర్ణయం గురించి. మసికి ఎముక విరగలేదు. బండి తగిలి కాలు వెనక్కి గుంజుకుపోయినప్పుడు, ముందుకాలికి వెళ్ళే నరాలన్నీ వెన్నుపాము దగ్గర మొదళ్ళతో సహా ఊడిపోయాయి. దీన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అవల్షన్ అంటారు. పైకి చూస్తే కాలు చక్కగా ఉంటుంది, గాయం కూడా పెద్దగా కనబడదు. కానీ పంజా వెనక్కి మడతపడి నేలమీద ఈడ్చుకుపోతూ ఉంటుంది, వేలు గట్టిగా నొక్కినా పిల్లికి తెలియదు. కొన్ని పిల్లుల్లో దెబ్బ తగిలిన వైపు కంటిపాప చిన్నదైపోతుంది, ఎందుకంటే ఆ కంటికి వెళ్ళే నరాల దారి కూడా అక్కడి వెన్నుపాము నుంచే మొదలవుతుంది. డాక్టరు కాలిని వదిలేసి కన్ను చూస్తున్నారేంటని ఎవరికైనా అనిపిస్తే, కారణం ఇదే. నరం సాగి దెబ్బతింటే కొన్ని వారాలకో నెలలకో కోలుకోవచ్చు, అందుకే వెంటనే కోయకుండా ఆగి చూస్తారు. మొదలుతో ఊడిపోయిన నరం మాత్రం తిరిగి అతుక్కోదు.

ఇంట్లో పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "కాలు ఉందిగా అమ్మా, పని చేయకపోతే పోనీ, ఉంచెయ్యరాదూ? తీసేయడం దేనికి?" ప్రేమతో అడిగిన ప్రశ్నే. కానీ స్పర్శ లేని కాలు ఊరికే పడి ఉండదు. ఈడ్చుకుపోయి పుండు పడుతుంది, పుండు పడ్డా నొప్పి తెలియదు కాబట్టి పిల్లి దాన్ని కాపాడుకోదు, కొన్నైతే ఆ పంజాని తామే కొరికేసుకుంటాయి. నడిచిన ప్రతిసారీ అడ్డం పడే ఆ బరువు పిల్లిని నిజంగా కుంటిదాన్ని చేస్తుంది. అది తీసేసిన రోజునే మసి సరిగ్గా నడవడం మొదలుపెట్టింది. అందుకే, కాలు తీయించడమంటే పిల్లి నుంచి ఏదో లాక్కోవడం అనుకునేవాళ్ళతో నేను ఒప్పుకోను. పనికిరాని, పుండు పడే కాలిని తీసేయడం వైద్యమే. అదే సమయంలో, ఎముక మాత్రమే విరిగి నరాలూ రక్తప్రసరణా బాగున్నప్పుడు ఎవరైనా వెంటనే తీసేద్దాం అంటే, ఎముకల ఆపరేషన్లు చేసే ఇంకో డాక్టరుకి ఒకసారి చూపించండి. ఎముకలో గడ్డ వచ్చినప్పుడు లెక్క వేరు. పిల్లుల్లో ఎముక కేన్సర్ కుక్కల్లో అంత తేలిగ్గా ఒళ్ళంతా పాకదు, కాలు తీసేశాక చాలా ఏళ్ళు బతికే పిల్లులున్నాయి.

కాలు ఎందుకంత పైదాకా తీస్తారనేది చాలామందిని బాధపెట్టే విషయం. మోచేతి దాకా ఉంచొచ్చు కదా అనిపిస్తుంది. ఉంచితే ఆ మొండిని పిల్లి నేలకి ఆనించి నడవాలని చూస్తుంది, అది రాసుకుని పదేపదే పుండవుతుంది. ముందుకాలైతే భుజం రెక్క ఎముకతో సహా తీయడం మామూలు, ఎందుకంటే చుట్టూ ఉన్న కండ కరిగిపోయాక ఆ ఎముక చర్మం కింద పొడుచుకొచ్చి, పడుకున్నప్పుడల్లా ఒరుసుకుంటుంది. వెనకకాలైతే తొడ ఎముక మధ్యలో గానీ తుంటి కీలు దగ్గర గానీ తీస్తారు.

ముందుకాలా వెనకకాలా అనేదాన్ని బట్టి తర్వాతి జీవితం చాలా మారుతుంది. నిలబడ్డ పిల్లి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది. వెనకకాలు పోయిన పిల్లి సాధారణంగా తొందరగా సర్దుకుంటుంది, దానికి పైకి ఎగరడమే కష్టం. ముందుకాలు పోయినదానికి దిగడం కష్టం, ఎందుకంటే దూకినప్పుడు ఒళ్ళంతా వచ్చి ఒకే మణికట్టు మీద పడుతుంది. ఇల్లు సర్దేటప్పుడు ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే.

ఇక మొదటి రోజులు. కోసిన చోటు చూసి గుండె జారుతుంది, అందరికీ అంతే. బొచ్చు గొరిగిన పెద్ద మచ్చ, పొడవాటి కుట్ల వరస, చుట్టూ ఊదారంగు కమిలిన చర్మం. కమలడం మామూలే, కొన్ని రోజుల్లో పసుపు తిరిగి తగ్గిపోతుంది. కుట్ల కింద మెత్తగా నీరు పట్టడం కూడా చాలాసార్లు దానంతటదే ఇంకిపోతుంది, అయినా డాక్టరుకి ఫోటో పంపి చెప్పాలి, సొంతంగా సూది పెట్టి నీరు తీయకూడదు. వాసన రావడం, చీము, కుట్లు విచ్చుకోవడం, చేయి పెడితే వేడిగా తగలడం, ఇవి కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకండి. కుట్లు విప్పేది సాధారణంగా 10 నుంచి 14 రోజులకి. అప్పటిదాకా నాకకుండా మెడకి గరాటులాంటి కోన్ గానీ ఒంటికి బనీనులాంటి రికవరీ సూట్ గానీ ఉండాలి. ముందుకాలు పోయిన పిల్లికి కోన్ అంచు నేలకి తగిలి బోర్లా పడుతుంది, మసి అలాగే పడేది. మెత్తటి కోనో సూటో అడిగి తీసుకోండి, తీసేసి వదిలేయడం మాత్రం దారి కాదు, ఒక్క రాత్రిలో కుట్లన్నీ పీక్కోగలదు.

నొప్పి దగ్గరే నాకు ఈ "హాయిగా బతికేస్తాయి" అన్న మాట మీద కోపం వచ్చేది. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. అరవదు, ఏడవదు, మంచం కిందకి వెళ్ళి కదలకుండా కూర్చుంటుంది. చూసేవాళ్ళకి అది ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒళ్ళో పెట్టుకుంటే గురగురమంటుంది కూడా, కానీ పిల్లులు బాధలోనూ గురగురమంటాయి కాబట్టి అది గుర్తు కింద పనికిరాదు. ముఖం చూడటం నేర్చుకోవాలి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఫీలైన్ గ్రిమేస్ స్కేల్ అని ఒక పద్ధతి ప్రచురించారు. చెవులు పక్కలకి తిరిగి చదునయ్యాయా, కళ్ళు చికిలించి ఉన్నాయా, మూతి బిగుసుకుందా, మీసాలు వంపు పోయి తిన్నగా సాగాయా, తల భుజాల కంటే కిందకి వాలిందా. ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం 10. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు అవసరమని అర్థం. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, నిమిషం సేపు పిల్లిని ముట్టుకోకుండా చూస్తే చాలు. రోజుకి రెండుమూడు సార్లు అలా చూసి రాసుకుని డాక్టరుకి చెప్తే, "కొంచెం డల్‌గా ఉందండీ" అని చెప్పినదానికంటే వందరెట్లు ఉపయోగం.

మందులు ఆసుపత్రి నుంచే ఇంటికి రావాలి. ఒక్క ఇంజక్షన్ చేసి, రేపటికల్లా బాగుంటుందని పంపిస్తే ఒప్పుకోకండి, కాలు తీసిన నొప్పి ఒక్క రోజులో పోయేది కాదు. బుప్రెనార్ఫిన్ అని ఒక మందు ఉంది, దాన్ని మింగించకూడదు, బుగ్గ లోపల చిగుళ్ళ దగ్గర వేయాలి, అక్కడి నుంచే ఒంట్లోకి ఇంకుతుంది. గాబాపెంటిన్ నరాల నొప్పికి ఇస్తారు, మొదట్లో మత్తుగా తూలుతూ ఉంటుంది, అది చూసి భయపడి మానేయొద్దు, మోతాదు తగ్గించమని అడగండి, ఎక్కువ కాలం వాడాక ఆపాల్సి వస్తే మెల్లగా తగ్గించాలి. మెలాక్సికామ్ లాంటివి వాపు తగ్గిస్తాయి కానీ కిడ్నీల మీద కన్నేసి, తూకం చూసి ఇవ్వాల్సినవి, ఒక చుక్క ఎక్కువైనా మంచిది కాదు. మీ ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. చిన్నపిల్లలకి వేసే సిరప్ అయినా అంతే. నొప్పితో ఉన్న పిల్లిని చూసి జాలిపడి అర మాత్ర వేసేవాళ్ళు ఉంటారు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తిండి కూడా వైద్యంలో భాగమే. రెండుమూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణాంతకమవుతుంది, లావుగా ఉన్న పిల్లుల్లో మరీనూ. ఒక రోజంతా తినకపోతే ఫోన్ చేయాల్సిందే. తడి ఆహారాన్ని కొంచెం వెచ్చబెడితే వాసన లేచి తింటుంది. గిన్నె నేలమీద కాకుండా కాస్త ఎత్తులో పెట్టండి, ఒంటి ముందుకాలి మీద నిలబడి తల పూర్తిగా కిందకి వంచడం చాలా కష్టం. ఒంటేలు సంగతి అంతకంటే అర్జెంటు. మగపిల్లి 24 గంటలు ఒంటేలు పోయకపోతే అది ఎమర్జెన్సీ. విరేచనం రెండు రోజులు ఆలస్యమైతే మత్తుమందుల ప్రభావం కావచ్చు, అయినా చెప్పి ఉంచాలి.

పిల్లి మలమూత్రాలకి వాడే లిట్టర్ బాక్స్ గోడ ఒక వైపైనా బాగా కిందకి ఉండాలి, లోపల తిరగడానికి చోటుండాలి, పైన మూత వద్దు. కుట్లు మానేదాకా సన్నటి ఇసుకలాంటి లిట్టర్ పుండుకి అంటుకుంటుంది కాబట్టి చింపిన కాగితమో కాగితపు గుళికలో వాడండి. ముందుకాలు లేని పిల్లి గొయ్యి తవ్వబోయి పక్కకి ఒరిగిపోతుంది, కప్పడం రాదు. మనం వెంటనే తీసేస్తే సరిపోతుంది, దానికోసం కసరకండి. మూడు నాలుగు వారాలు ఒకే చిన్న గదిలో, ఎక్కడానికి ఏమీ లేకుండా ఉంచడం మంచిది. పిల్లి ఆ గదిలో ఉండనని అరుస్తుంది, మన మనసు కరుగుతుంది, అయినా కనీసం కుట్లు విప్పేదాకా తలుపు తీయకండి.

నేల గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి నాకు ఆసుపత్రిలో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నున్నటి పలకల నేల మీద నాలుగు కాళ్ళ పిల్లి జారినా మిగతా మూడింటితో సర్దుకుంటుంది. మూడు కాళ్ళ పిల్లికి ఆ మిగులు లేదు. ముక్కాలిపీట కదా, ఒక కాలు జారితే మొత్తం కూలుతుంది. మసి నడక చూస్తే, మిగిలిన ఒక్క ముందుకాలినీ మెల్లగా ఛాతీ మధ్యలోకి తెచ్చుకుంది, అంటే దాని ఒళ్ళు తన లెక్క తాను చేసుకుంది. కానీ కాలు ఎంత తెలివిగా పెట్టినా కింద పట్టు లేకపోతే ఏం చేస్తుంది? జారిన పిల్లి మళ్ళీ జారకూడదని ఒళ్ళంతా బిగపట్టుకుని నడుస్తుంది, ఆ బిగువుకి వీపూ భుజమూ నొప్పెడతాయి, నొప్పెడితే నడవడం మానేస్తుంది, మానేస్తే బలం పోతుంది. దీనంతటికీ మందు ఒక పాత యోగా మ్యాట్. అడుగున రబ్బరున్న పట్టాలేవైనా పనికొస్తాయి, ఊరికే పరిచిన బట్ట అయితే పిల్లితో పాటే జారుతుంది. మొత్తం ఇల్లు కప్పక్కర్లేదు. పడుకునే చోటు నుంచి గిన్నెకి, గిన్నె నుంచి లిట్టర్‌కి, అక్కడి నుంచి కిటికీకి, పిల్లి రోజూ తిరిగే దారులు తెగకుండా పరవండి. దూకి దిగే చోట మాత్రం మందంగా వేయండి. పంజా మెత్తల మధ్య పెరిగిన బొచ్చు కూడా జారుడికి కారణమే, అప్పుడప్పుడు కత్తిరించాలి.

ఎత్తుల విషయంలో రెండు రకాల మనుషుల్ని చూశాను. పడిపోతుందన్న భయంతో అన్నీ తీసేసి పిల్లిని నేలకే పరిమితం చేసేవాళ్ళు కొందరు, దాని పాట్లు అదే పడుతుందని ఏమీ మార్చనివాళ్ళు కొందరు. ఇద్దరూ పిల్లికి అన్యాయం చేస్తున్నట్టే. ఎత్తున కూర్చుని చూడటం పిల్లికి షోకు కాదు, అది దాని భద్రత. మెట్టు మెట్టుగా దారి ఇవ్వండి. కిటికీ కింద స్టూలు, స్టూలు పక్కన దానికంటే పొట్టిగా గట్టి పెట్టె, ఏదీ ఊగకూడదు. అలా చేస్తే పైకి వెళ్తుంది, దిగేటప్పుడు ఒంటికాలి మీద పడే దెబ్బ మూడు ముక్కలవుతుంది. గోకడానికి నిలువు స్తంభం కంటే నేలమీద పరిచిన గరుకు అట్ట నయం. మొదట్లో తడబడి పడుతుంది, పడ్డప్రతిసారీ పరిగెత్తి ఎత్తుకోవద్దు. దెబ్బ తగలని చోట పడనిచ్చి, లేవడానికి సమయమివ్వండి. ఎత్తాల్సి వస్తే ఛాతీ కిందా వెనకభాగం కిందా రెండు చేతులూ పెట్టి ఎత్తండి, కోసిన వైపు నొక్కకుండా.

గాయం మానాక కూడా కొన్ని పిల్లులు ఉన్నట్టుండి లేని కాలి వైపు తల తిప్పి చూడటం, అక్కడ ఆపకుండా నాకడం, ఏదో కుట్టినట్టు ఎగిరి పరిగెత్తడం చేస్తాయి. మనుషుల్లో కాలు తీసేశాక లేని కాలిలో నొప్పి వస్తుందని అందరికీ తెలుసు. పిల్లి నోటితో చెప్పలేదు కాబట్టి లేదనుకోవడం తప్పు. అలా చేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, నరాల నొప్పికి మందు మళ్ళీ మొదలుపెట్టించమని అడగండి. "అలవాటయ్యేదాకా అంతే" అన్న జవాబుతో తిరిగి రాకండి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే, ఆసుపత్రి వాసనతో తిరిగొచ్చిన పాత నేస్తాన్ని అది గుర్తుపట్టక బుసకొట్టొచ్చు. దీన్ని పగ అనుకోకండి. కొన్నాళ్ళు వేర్వేరు గదుల్లో ఉంచి, ఒకదాని పడక గుడ్డ ఇంకోదాని దగ్గర పెడుతూ, మెల్లగా కలపాలి.

పిల్లి తనంతట తాను చేసుకోలేని కొన్ని పనులు జీవితాంతం మన మీదే ఉంటాయి. వెనకకాలు పోయిన వైపు చెవినీ మెడనీ అది గోక్కోలేదు. చెవి దురద పుట్టినప్పుడు లేని కాలి మొదలు వణుకుతున్నట్టు ఆడటం కనిపిస్తుంది, అప్పుడు వెళ్ళి గోకండి, ఎంత సుఖపడుతుందో మీరే చూస్తారు. ఆ చెవిలో గుబిలి పేరుకుంటోందేమో వారానికోసారి చూడాలి. ముందుకాలు పోయినదానికి ఆ వైపు ముఖం కడుక్కోవడం సరిగ్గా కుదరదు, కంటి మూలల్ని తడిగుడ్డతో తుడవాలి. మిగిలిన ముందుపంజా గోళ్ళు పెరిగి మెత్తలోకి దిగకుండా చూసుకోవాలి. కుట్లు మానాక, డాక్టరుని అడిగి, భుజాలూ వీపూ మెల్లగా మర్దన చేయొచ్చు.

అన్నిటికంటే దీర్ఘకాలం నిలిచే సమస్య బరువు. తిరగడం తగ్గింది, జాలితో పెట్టే తిండి పెరిగింది, ఏడాది తిరిగేసరికి పిల్లి గుండ్రంగా తయారవుతుంది. నాలుగు కాళ్ళు మోయాల్సిన బరువుని మూడు మోస్తున్నాయి, దాని మీద ఇంకా వేస్తున్నాం. కీళ్ళ అరుగుదల వయసుతో చాలా పిల్లులకి వస్తుంది, మూడు కాళ్ళ పిల్లికైతే దాన్ని సర్దుకునే వీలు కూడా ఉండదు. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. డాక్టర్లు ఒళ్ళు ఎంత లావుందో చూసే 9 మార్కుల కొలతలో 5 దగ్గర ఉండాలంటారు, మూడు కాళ్ళదాన్ని అంతకంటే కొంచెం సన్నగా ఉంచినా నష్టం లేదని నా అభిప్రాయం. బుజ్జగింపుగా తిండి పెట్టే బదులు నేలమీద తాడు ఆడించండి, ఎత్తుగా ఎగిరించొద్దు. మసి పక్కకి పడుకుని ఉన్న ఒక్క పంజాతోనే తాడుని పట్టుకుంటుంది, ఆటకి అది చాలు.

బయట తిరిగే అలవాటున్న పిల్లిని మళ్ళీ బయటికి వదలొచ్చా అంటే, నా జవాబు వద్దనే. కుక్క తరిమితే చెట్టెక్కడానికి రెండు ముందుపంజాలు కావాలి, పరుగులో మలుపు తిరగడానికి పట్టు కావాలి. వల కట్టిన బాల్కనీ ఇవ్వండి. కృత్రిమ కాలు గురించి అడిగేవాళ్ళు ఉంటారు. జెర్సీ ద్వీపంలో ఆస్కార్ అనే పిల్లి కోత యంత్రంలో రెండు వెనకపాదాలూ పోగొట్టుకుంటే, 2009లో బ్రిటన్‌లో నోయెల్ ఫిట్జ్‌పాట్రిక్ అనే పశువైద్యుడు ఎముకలోకే లోహపు కడ్డీలు దింపి కొత్త పాదాలు అమర్చారు. రెండూ పోయినప్పుడు అలాంటి పెద్ద ప్రయత్నానికి అర్థం ఉంది. ఒక్క కాలు పోయి మిగతా మూడూ బాగున్న పిల్లికి చాలావరకూ అదేమీ అక్కర్లేదు. ఆ డబ్బూ ఆ ఓపికా నొప్పి మందుల మీదా నేల మీదా పెట్టండి.

2010లో బ్రిటన్ పశువైద్య పత్రిక ఒకటి, కాళ్ళు తీసిన పిల్లుల యజమానుల్ని అడిగి చేసిన సర్వేని ప్రచురించింది. వాళ్ళలో ఎక్కువమంది తమ పిల్లి మామూలు జీవితమే గడుపుతోందని చెప్పారు. నేను దాన్ని నమ్ముతాను, మా ఇంట్లోనూ చూస్తున్నాను. అందుకే "పాపం, దీన్ని ఇలా ఉంచడం కంటే శాశ్వతంగా నిద్రపుచ్చేయడమే దయ" అనేవాళ్ళతో గట్టిగానే వాదిస్తాను. అంతే గట్టిగా ఇటువైపు "హాయిగా బతికేస్తాయి" అనేవాళ్ళకీ చెప్తున్నాను. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే రోజే అడగండి: ఇంటికి ఏయే నొప్పి మందులు ఇస్తారు, ఎన్ని రోజులకి, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, కుట్లు విప్పాక నడక చూడటానికి మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు, ఇప్పుడున్న బరువెంత, ఎంత ఉండాలి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. పిల్లి ఆసుపత్రిలో ఉన్న ఆ కాస్త సమయంలోనే గదిలో పట్టాలు పరిచేయండి.